ప్రధానోపాధ్యాయుల శిక్షణ: "మాకు పిల్లలందరూ సమానమే" అనేవారికి ఏం నేర్పాలి?

సందేహం: ప్రధానోపాధ్యాయులు కాబోతున్నవారికి శిక్షణ ఇచ్చే బృందంలో పనిచేస్తున్నాను. భిన్న భాషలు, సంస్కృతుల పిల్లలు చదివే బడిని నడిపే తీరుపై సదస్సు పెడితే అందరూ శ్రద్ధగా వింటారు. చివరికి "మాకు పిల్లలందరూ సమానమే కదండీ" అని వెళ్లిపోతారు. పనితీరు మారాలంటే శిక్షణను ఎలా మలచాలి?

సమాధానం: ఆ మాటతోనే మొదలుపెట్టండి. పిల్లల మానసిక ఆరోగ్య సేవల కోసం టెర్రీ క్రాస్, ఆయన సహచరులు 1989లో సాంస్కృతిక సామర్థ్యాన్ని, అంటే భిన్న సంస్కృతుల వారితో సరిగ్గా పనిచేయగల నేర్పును, ఆరు దశలుగా వివరించారు. అందరూ ఒకటేనంటూ తేడాలను గమనించకపోవడం అందులో మూడవ దశ మాత్రమే. మంచి మనసున్నవారే అక్కడ ఆగిపోతుంటారు కనుక, ఈ సంగతిని ఎత్తిపొడుపులా కాకుండా చెప్పాలి.

ఆ తరువాత ఉపన్యాసం ఆపి, ఎవరి బడి రికార్డులు వారి ముందే పెట్టండి. విద్యా పరిశోధకురాలు లిండా స్కర్లా బృందం 2004లో ప్రతిపాదించిన సమానత్వ తనిఖీ మూడు విషయాలను చూస్తుంది: ఉపాధ్యాయుల నాణ్యత, ప్రత్యేక కార్యక్రమాలలో ప్రవేశం, ఫలితాలు. అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులు ఏ సెక్షన్లకు వెళుతున్నారు, ప్రతిభావంతుల తరగతికి ఎవరిని ఎంపిక చేస్తున్నారు, ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలను వెనకబడినవారిగా లెక్కగడుతున్నారా అన్న ప్రశ్నలకు జవాబులు రాయించండి. శిక్షలు పడిన పిల్లల వివరాలను కూడా తప్పక చూపించండి. తమ బడిలో వివక్ష లేదని గట్టిగా నమ్మేవారు సైతం ఒకే వర్గం పిల్లల పేర్లు మళ్లీ మళ్లీ కనిపిస్తే కాసేపు మౌనంగా ఉండిపోతారు.

సందేహం: తమను దోషులుగా నిలబెడుతున్నారని ఉపాధ్యాయులు నొచ్చుకోరా?

సమాధానం: నొచ్చుకుంటారు, ముఖ్యంగా తనిఖీ వారితోనే మొదలైతే. అందుకే ప్రధానోపాధ్యాయులు ముందుగా తమ చేతిలో ఉన్న నిర్ణయాలనే పరిశీలించాలి: ఎవరికి ఏ తరగతి అప్పగించారు, తల్లిదండ్రుల సమావేశాన్ని వారి పనివేళల్లో పెట్టారా, వారికి పంపే ఉత్తరం వారు చదవగల భాషలో ఉందా. తన పొరపాటును సిబ్బంది ఎదుట ఒప్పుకొని సరిదిద్దుకున్న ప్రధానోపాధ్యాయుడు మరుసటి నెలలో తరగతి గది లెక్కలు అడిగినా, వారు దానిని నిందగా తీసుకునే అవకాశం తగ్గుతుంది. శిక్షణ కాలంలోనే ఈ పనిని కనీసం ఒక్కసారి, అనుభవజ్ఞుల తోడుతో, నిజమైన బడిలో చేయించండి.