మంచం, వాకరు తప్ప నడక లేని అమ్మకు బరువు తగ్గేదెలా?

ప్రశ్న (తెనాలి నుంచి ఒక కూతురు)

అందరికీ నమస్కారం. మా అమ్మకు 58 ఏళ్లు. కీళ్లవాతం వచ్చి పదకొండేళ్లయింది. చేతివేళ్లు వంకర తిరిగాయి, మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. మంచం దగ్గర్నుంచి బాత్‌రూము దాకా వాకరు పట్టుకుని వెళ్లడం, సాయంత్రం వరండాలో కుర్చీలో కూర్చోవడం, అంతే తన తిరుగుడు. వాతానికి వారానికి ఒక్కరోజు మెథోట్రెక్సేట్, రోజూ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 7.5 మిల్లీగ్రాములు, థైరాయిడ్ మాత్ర, షుగరుకి మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతోంది. ఎత్తు 152 సెంటీమీటర్లు. పోయిన ఏడాది 76 కిలోలు ఉండేది. మొన్న ఆస్పత్రిలో ఇద్దరం చెరో రెక్క పట్టుకుని నిలబెడితే 84 చూపించింది.

ఎవరి దగ్గరికెళ్లినా "బరువు తగ్గాలమ్మా, రోజూ అరగంట నడవాలి" అనే అంటారు. నడవలేకే కదా వాళ్ల దగ్గరికి వెళ్లింది! అమ్మ ఇంటికొచ్చి ఏడ్చింది. ఆ రోజు నుంచి రాత్రి అన్నం మానేసింది, శనివారాలు ఒక్కపొద్దు మొదలుపెట్టింది. పోయిన శనివారం సాయంత్రం చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడింది. గ్లూకోమీటర్‌లో 58 వచ్చింది. చక్కెర నీళ్లు తాగించాక తేరుకుంది.

చుట్టాలు తలా ఒకటి చెబుతున్నారు. కొర్రలు పెట్టమంటారు, అన్నం, రొట్టెలు మానేసి కొబ్బరినూనె తాగే డైట్ చేయించమంటారు, స్టెరాయిడ్ వల్లే ఒళ్లు వచ్చింది కాబట్టి అది ఆపేయమంటారు. అమ్మను లేపి కూర్చోబెట్టేది నేనొక్కదాన్నే, నా నడుము కూడా పట్టేస్తోంది. దయచేసి ఎవరైనా దారి చెప్పండి.

జవాబు (రిటైరైన నర్సు, రాజమండ్రి)

అమ్మాయ్, బరువు సంగతి రేపు చూద్దాం. ఈ రోజే చెయ్యాల్సిన పని ఒకటుంది. మీ షుగరు డాక్టరుకి ఫోను చేసి ఆ 58 సంగతి చెప్పు. గ్లిమెపిరైడ్ మింగి తిండి మానేస్తే షుగరు పడిపోతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఆ భయం తక్కువ, గ్లిమెపిరైడ్‌తో మాత్రం అలా కాదు. తిండి తగ్గించాలనుకుంటే ముందు మాత్ర మోతాదు మార్చాలి, ఆ తరవాతే తిండి. లంకణం పరమౌషధం అన్నారు గానీ, ఈ మాత్రలు లేని కాలంలో అన్న మాట అది. మళ్లీ అలా అయితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంట ఆగి మళ్లీ చూడాలి. మాట పడిపోయి మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పొయ్యకుండా 108కి ఫోను చెయ్యి.

ఇంకో మాట. ప్రెడ్నిసొలోన్ నీ అంతట నువ్వు ఆపకు.

జవాబు (కీళ్లవాతం ఉన్న సాటి మనిషి, హనుమకొండ)

అక్కా, నర్సమ్మ చెప్పిన ఆఖరి మాట ఎందుకో నేను చెప్త. నాకు కీళ్లవాతం పందొమ్మిదేండ్ల సంది ఉన్నది. మొదట్ల మా దిక్కు ఒకాయన నొప్పులకు పొడి పొట్లాలిచ్చిండు. రెండు దినాలల్ల నొప్పులు మాయం. ఆర్నెల్లు మింగిన. మొఖం గుండ్రంగ ఉబ్బింది, పొట్ట పెరిగింది, కాళ్లు చేతులేమో సన్నబడ్డయి. కీళ్ల డాక్టరు చూడంగనే, అండ్ల స్టెరాయిడ్ కలిసి ఉంటదన్నడు. నేను భయపడి ఒక్కపారి బంద్ చేసిన. మూడోనాటికి మంచం దిగలేకపోయిన. వాంతులు, కండ్లు తిరుగుడు, బీపీ పడిపోయి దవాఖానల చేరిన. బయట నుంచి స్టెరాయిడ్ వస్తుంటే మన ఒళ్లు సొంతంగ తయారు చేసుకునుడు ఆపేస్తదట. అందుకే మెల్లమెల్లగ తగ్గించాలె, అదీ డాక్టరు చెప్పినట్టే.

స్టెరాయిడ్‌తోని ఆకలి ఎక్కువైతది, అది నిజం. రాత్రి పదింటికి నిద్రల లేచి డబ్బాలు వెతికేదాన్ని. అది నా గుణం కాదు, మందు పని అని తెలిసినంక నన్ను నేను తిట్టుకునుడు ఆపిన. మీ అమ్మకు కూడ ఆ మాట చెప్పు అక్కా. తిండిపోతు అన్న మాట ఆమె చెవుల పడనియ్యకు.

కీళ్ల డాక్టరును ఒకటి అడుగు: "వాతం అదుపుల ఉన్నదా, ఉంటే స్టెరాయిడ్ ఇంకా తగ్గించొచ్చా?" అని. నాకు వేరే మందు సరిపడినంక రెండేండ్లల్ల 10 నుంచి రెండున్నరకు తెచ్చిండ్రు. ఆకలి దానంతట అదే దిగింది.

జవాబు (పక్షవాతం వచ్చిన తండ్రిని చూసుకుంటున్న కొడుకు, మిర్యాలగూడ)

అక్కా, రెక్కలు పట్టుకుని నిలబెడితే వచ్చిన 84 సరైన బరువు కాదు. మీరు మోసిన భారం కాటాకు తెలియదు కదా, అసలు బరువు అంతకన్నా ఎక్కువే ఉండొచ్చు. మా నాన్నకు కూడా ఇలాగే ఏడాదిపాటు తప్పు లెక్క రాసుకున్నాం. తరవాత మా వీధి చివర ఎరువుల దుకాణంలో బస్తాలు తూచే ప్లాట్‌ఫారం కాటా మీద ముందు ప్లాస్టిక్ కుర్చీ ఒక్కటే పెట్టి సున్నా చేసి, తరవాత నాన్నను కూర్చోబెట్టి తూచాం. నెలకోసారి, అదే కాటా, అదే పొద్దుటి పూట. చక్రాల కుర్చీ అయితే ముందు ఖాళీ కుర్చీ తూచి రాసిపెట్టుకుని తీసెయ్యండి. అక్కడిదాకా తీసుకెళ్లలేని నెల, బొడ్డు దగ్గర టేపుతో చుట్టుకొలత రాసుకోండి.

ఇంకొకటి మాకు అనుభవమైంది. ఒకసారి మూడు రోజుల్లో రెండున్నర కిలోలు పెరిగారు. అన్నం ఎక్కువ పెట్టానేమో అనుకున్నాను. పాదం మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. అది కొవ్వు కాదు, నీరు. గుండె బలహీనపడిందని తేలింది. అలా ఉన్నట్టుండి పెరిగినా, పడుకుంటే ఆయాసం వచ్చినా తిండి లెక్కలు పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

జవాబు (పోషకాహార నిపుణురాలు, హైదరాబాద్)

ముందు మీ అమ్మగారి రక్తపరీక్షల్లో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) ఎంత ఉన్నాయో చూసి రాయండి. ఇంట్లో ఎంతమంది, నెలకు ఎన్ని లీటర్ల నూనె కొంటున్నారు? అమ్మగారు సరదాగా నోట్లో వేసుకునేవేమిటి?

అడిగినవారు

క్రియాటినిన్ 0.8, టీఎస్‌హెచ్ 9.6. ఈ రెండోది ఎక్కువేనా? నలుగురం ఉంటాం, నూనె ఐదు లీటర్లు. చక్కెర లేని టీ నాలుగుసార్లు. తీపి ముట్టదు. టీవీ చూస్తూ వేయించిన పల్లీలు, చెక్కలు తింటుంది. అన్నం మధ్యాహ్నం మాత్రం కాస్త ఎక్కువే. పప్పు పలచగా చారులా చేస్తాం.

జవాబు (పోషకాహార నిపుణురాలు)

9.6 ఎక్కువే. మాత్ర ఎలా వేసుకుంటున్నారో చూడండి. పరగడుపున, నీళ్లతో, టీకి కనీసం అరగంట ముందు వేసుకోవాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. చాలా ఇళ్లలో అన్ని మాత్రలూ ఒకే దోసిట్లో పోసి ఇచ్చేస్తుంటారు, దాంతో థైరాయిడ్ మందు ఒంటికి పట్టదు. సరిగ్గానే వేస్తుంటే మోతాదు గురించి డాక్టరును అడగండి. కాకపోతే థైరాయిడ్ సరయినంత మాత్రాన ఎనిమిది కిలోలూ పోవు, అందులో కొంతే దానివల్ల వచ్చేది.

ఇప్పుడు వంటిల్లు. ఐదు లీటర్లు నలుగురికి అంటే మనిషికి రోజుకు నలభై మిల్లీలీటర్ల పైమాట, అంటే దాదాపు 340 క్యాలరీలు నూనెలోనే వస్తున్నాయి. నెలకు మూడు లీటర్లే కొనండి. సీసా పొయ్యి దగ్గర పెట్టకుండా, పొద్దున్నే ఆ రోజుకు సరిపడా నూనె, 100 మిల్లీలీటర్లు, చిన్న గిన్నెలో కొలిచి పక్కన పెట్టండి. తిరగమోత, కూర, అట్టు అన్నీ అందులోనే. దీంతోనే మనిషికి రోజుకు 130 క్యాలరీలకు పైగా తగ్గుతాయి. అమ్మగారి కంచంలో ఒక్క మెతుకు కూడా తగ్గదు, ఇంట్లో మిగతా ముగ్గురికీ మంచిదే. గుప్పెడు పల్లీలు, 30 గ్రాములు, 170 క్యాలరీలు. మానెయ్యమనను. డబ్బా కాకుండా గుప్పెడు గిన్నెలో పోసి ఇవ్వండి, చెక్కల బదులు కీరదోస, జామ ముక్కలు పెట్టండి.

కొర్రల గురించి అడిగారు. కొర్రలు, రాగులు, జొన్నలు మంచివే, పీచు ఎక్కువ. కానీ వంద గ్రాముల బియ్యంలో 350 క్యాలరీలుంటే, రాగుల్లో 320, జొన్నల్లో 330 దాకా ఉంటాయి. బియ్యం మానేసి అంతకు రెట్టింపు కొర్రన్నం తింటే బరువు ఎక్కడ తగ్గుతుంది? మీరు ఏ గింజ వండినా కొలత గ్లాసు మాత్రం మార్చకండి.

నేను ఎక్కువ పట్టుబట్టేది మాంసకృత్తుల దగ్గర. కదలిక లేని మనిషి, అందులోనూ స్టెరాయిడ్ వాడేవారు, ఊరికే తిండి తగ్గిస్తే ముందు కరిగేది కండ. కాటాలో అంకె తగ్గుతుంది, కుర్చీలోంచి లేవడం ఇంకా కష్టమవుతుంది. నన్నడిగితే బరువు తగ్గకపోయినా పర్వాలేదు, కండ మాత్రం పోకూడదు. క్రియాటినిన్ బాగుంది కాబట్టి రోజుకు 55 నుంచి 60 గ్రాములు అందేలా చూడండి. పొద్దున 50 గ్రాముల పెసలతో రెండు పెసరట్లు వేస్తే పదకొండు గ్రాములు. ఒక గుడ్డు ఆరు. పప్పు చారులా కాకుండా ముద్దపప్పులా, తోటకూరో బీరకాయో వేసి చిక్కగా. రెండు పూటలా పెరుగు. మీల్ మేకర్ 30 గ్రాములు నానబెట్టి కూరలో వేస్తే పదిహేను గ్రాములు వస్తాయి, నీసు తినని రోజుల్లో అది చాలా ఆదుకుంటుంది. చేపలు, చికెన్ తింటే ఇంకా సులువు. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు ఉండాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా కంచంలో సగం కూరగాయలు, పండ్లకే ఇచ్చారు.

రాత్రి అన్నం మానేయించకండి. స్టెరాయిడ్ ఆకలికి ఖాళీ కడుపు తోడైతే పదింటికి చెక్కల డబ్బా తెరుస్తారు. ఏడున్నరకి ఒక జొన్నరొట్టె, పప్పుకూర, మజ్జిగ ఇవ్వండి.

ఇది చదివే కిడ్నీ రోగులకు ఒక మాట: ఈ మాంసకృత్తుల లెక్క మీది కాదు. డయాలిసిస్‌కు ముందు తగ్గించమంటారు, డయాలిసిస్ మొదలయ్యాక పెంచమంటారు. కొబ్బరినీళ్లు కూడా అడగకుండా తాగకండి, వాటిలో పొటాషియం ఎక్కువ.

కొబ్బరినూనె డైట్ వద్దు. గ్లిమెపిరైడ్ లాంటి షుగరు మాత్రలు వాడేవారు పిండిపదార్థం ఒక్కసారిగా మానేస్తే పోయిన శనివారం జరిగిందే మళ్లీ జరగొచ్చు. డపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగరు మందులు వాడేవారికైతే షుగరు మామూలుగా కనిపిస్తూనే రక్తం ఆమ్లమయంగా మారి ప్రాణం మీదికి రావచ్చు.

అడిగినవారు

మేడమ్, మాత్రలన్నీ ఒకేసారి వేస్తున్నది నేనే. కాల్షియం కూడా పొద్దున్నే ఇస్తున్నాను. ఎవరూ చెప్పలేదు. ఇక నుంచి కాల్షియం మధ్యాహ్నం భోజనంతో ఇస్తాను. మరి వ్యాయామం సంగతేమిటి? బరువు తగ్గే ఇంజెక్షన్లు వచ్చాయంటున్నారు, అవి?

జవాబు (ఫిజియోథెరపిస్టు, విశాఖపట్నం)

ఇంజెక్షన్ల గురించి ముందు చెప్పేస్తాను. అవి డాక్టరు చీటీతో, పరీక్షలు చూసి వాడాల్సిన మందులు. అవి కూడా కొవ్వుతోపాటు కండను కరిగిస్తాయి, ఆకలి చంపడం వల్ల మాంసకృత్తులు తినడం కష్టమవుతుంది. గ్లిమెపిరైడ్‌తో కలిస్తే షుగరు పడిపోయే ప్రమాదం పెరుగుతుంది. మీ డాక్టరే సూచిస్తే ఆలోచించండి, మందుల షాపులో అడిగి తెచ్చుకోకండి.

నడక లేకపోతే వ్యాయామం లేదనుకోవద్దండి. మీ అమ్మగారికి వ్యాయామం కుర్చీలోనే. పొద్దున లేవగానే కీళ్లు బిగుసుకుని ఉంటాయి కాబట్టి వేడినీళ్ల స్నానం చేశాక పది, పదకొండు మధ్య పెట్టుకోండి. చేతులున్న గట్టి కుర్చీ గోడకు ఆనించి వెయ్యండి. ఒక కాలు నిటారుగా చాపి, తొడ బిగించి, అయిదు లెక్కపెట్టి దించాలి. పది సార్లు, తరవాత రెండో కాలు. కూర్చునే ఒక్కో మోకాలు పైకెత్తుతూ రెండు నిమిషాలు కవాతు. వేళ్లు వంకర తిరిగాయన్నారు కాబట్టి డంబెల్సు, నీళ్ల సీసాలు పట్టించకండి. అరకిలో పెసలు గుడ్డసంచిలో పోసి మణికట్టుకు పైన, ముంజేతి మీద వేలాడదీసి చెయ్యి ఎత్తించండి. మొదట్లో సంచి లేకుండా చేసినా చాలు.

అన్నిటికన్నా విలువైనది లేచి నిలబడటం. కుర్చీ మీద రెండు దిండ్లు వేసి ఎత్తు పెంచండి, మంచం కోళ్ల కింద చెక్క దిమ్మలు పెట్టించండి. ఎత్తు పెరిగితే మోకాళ్ల మీద భారం తగ్గుతుంది, మీరు లాగాల్సిన పనీ తగ్గుతుంది. లేపేటప్పుడు రెక్కలు పట్టి లాగకండి. ఆవిడ కుర్చీ అంచుకి జరిగి, పాదాలు వెనక్కి తీసుకుని, ముందుకు వంగి లేవాలి. మీరు నడుముకు కట్టిన వెడల్పాటి బెల్టు పట్టుకుని తోడుంటే చాలు. రోజుకు మూడు పూటలా రెండేసి సార్లతో మొదలుపెట్టండి.

కీలు ఎర్రగా, వేడిగా, వాచి ఉన్న రోజున బరువు పెట్టకుండా మెల్లగా ఆడించడం వరకే. మెడ గుండ్రంగా తిప్పే వ్యాయామాలు అసలు వద్దు. ఏళ్ల తరబడి కీళ్లవాతం ఉన్నవారిలో మెడలో పై ఎముకల మధ్య పట్టు సడలి ఉండొచ్చు. చేతులు తిమ్మిరెక్కుతున్నా, మెడ వెనక నొప్పి ఉన్నా డాక్టరుకు చెప్పండి.

84లో నాలుగు కిలోలు తగ్గడమే మన మొదటి మజిలీ. ఒక్క కిలో తగ్గితే అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

జవాబు (రిటైరైన నర్సు, రాజమండ్రి)

అమ్మాయ్, అమ్మ ఏడుపు సంగతి మేమెవరం పట్టించుకోలేదు. ఎప్పుడూ దిగులుగా ఉంటే, నిద్ర పట్టకపోతే 14416కి, అంటే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన టెలి మానస్‌కు, ఫోను చెయ్యి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. నువ్వు కూడా చెయ్యొచ్చు. సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) ఇంకా తీసుకోకపోతే అది కూడా చూడు.

అడిగినవారు (పది వారాల తరవాత)

అందరికీ చెప్పాలని వచ్చాను. గ్లిమెపిరైడ్ సగం చేశారు, షుగరు మళ్లీ పడిపోలేదు. ధాన్యం కాటా మీద కుర్చీ వేసి తూస్తే మొదట 86.4 వచ్చింది, ఇవాళ 84.1. టీఎస్‌హెచ్ 4.2కి దిగింది, మోతాదు మార్చలేదు, మాత్రల వేళ మార్చామంతే. నూనె మూడున్నర లీటర్ల దగ్గర ఆగింది, మా తమ్ముడు కూరలు చప్పగా ఉన్నాయంటున్నాడు. కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండనని అమ్మే అంది, దీపం పెట్టుకుని పెసరట్టు తింది. స్టెరాయిడ్ 5కి తగ్గించారు. మొదట్లో రెండుసార్లు లేవడానికే ఆయాసపడేది, ఇప్పుడు వరసగా ఏడుసార్లు లేస్తోంది. ఇక ముందు ఏం చెయ్యాలి?

జవాబు (ఫిజియోథెరపిస్టు)

చాలా సంతోషం అండీ. కుర్చీ మీద రెండు దిండ్లలో ఒకటి తీసెయ్యండి. ఏడు మళ్లీ మూడుకి పడిపోతుంది, కంగారు పడొద్దని అమ్మగారికి ముందే చెప్పండి. ఒక్క దిండుతో పదిసార్లు లేచిన రోజున మళ్లీ రాయండి. మంచం కోళ్ల కింద దిమ్మలు మాత్రం అప్పుడే కదపొద్దు, రాత్రిళ్లు నిద్రమత్తులో లేచేది అక్కడే.