పట్టేసిన నట్టుకు ఎయిర్ గన్ మందా, అసలు జబ్బా?

మడికొండ_ప్రయాణికుడు:
గత నెల ములుగు నుంచి తిరిగి వస్తూ మల్లంపల్లి దాటిన తరువాత నా పాత హ్యాచ్‌బ్యాక్ వెనుక ఎడమ చక్రం పంచరైంది. స్టెప్నీ, జాకీ రెండూ ఉన్నాయి కానీ నాలుగు నట్లలో రెండు కదలలేదు. కారుతోపాటు వచ్చిన వీల్ స్పానర్ మీద ఎక్కి నిలబడినా ఫలితం లేకపోయింది. నా బరువు 70 కిలోలు. చివరికి అటుగా వచ్చిన ట్రాలీ ఆటో డ్రైవరు ఒక ఇనుప గొట్టాన్ని స్పానర్‌కు తొడిగి తిప్పితే ఒక నట్టు ఊడింది, రెండవది స్టడ్డుతో (నట్టు ఎక్కే మరల కడ్డీతో) సహా తెగింది. అంతకు రెండు వారాల ముందే ఒక టైర్ల దుకాణంలో ఆ చక్రాలను ఎయిర్ గన్‌తో, అంటే కంప్రెసర్ గాలితో నట్లు తిప్పే పనిముట్టుతో విప్పి, ఎయిర్ గన్‌తోనే బిగించారు. ఇంటి దగ్గర ఒక గన్ కొని పెట్టుకుంటే ఈ తిప్పలు తప్పుతాయని ఒక మిత్రుడు అంటుండగా, ఈ తిప్పలు తెచ్చిందే ఆ గన్ అని మా బావమరిది వాదిస్తున్నాడు. పనిముట్లతో రోజూ మెలిగేవారు తేల్చి చెప్పగలరా?

ములుగురోడ్డు_షెడ్డు:
అన్నా, మీ స్టడ్డును తెంపింది గొట్టం, గన్ కాదు. గొట్టంతో తిప్పినప్పుడు బలమంతా ఆగకుండా ఒకే దిక్కుకు పడుతుంది. మరల్లోని తుప్పు వదలకముందే లోపలి ఇనుము మెలిపడి తెగిపోతుంది. గన్ అలా పనిచేయదు. దాని లోపల తిరిగే సుత్తులు నిమిషానికి వెయ్యికి పైగా దెబ్బలు వేస్తాయి, ఒక్కొక్క దెబ్బ క్షణంలో చిన్న భాగమే ఉంటుంది కాబట్టి బోల్టుకు మెలిపడేంత సమయం దొరకదు, ఆ అదురుకు తుప్పు పొడిగా రాలి మరల నుంచి బయటికి వస్తుంది. పట్టేసిన బోల్టు చుట్టూ ఎర్రటి పొడి రాలుతున్నదంటే అది వస్తున్నదని అర్థం. 22 ఏళ్లుగా షెడ్డు నడుపుతున్నాను, గన్ లేకుండా సస్పెన్షన్ పని ముట్టుకోను.

కాజీపేట_లేత్:
షెడ్డు అన్న చెప్పినదాంట్లో సగమే నిజమని నేను అంటాను, ఎందుకంటే ఆయన దగ్గర తెగినవన్నీ చివరికి వచ్చేది నా బల్ల మీదికే. గన్ దెబ్బ 12 మిల్లీమీటర్ల వీల్ స్టడ్డుకు మేలే చేస్తుంది. 8 మిల్లీమీటర్ల సైలెన్సర్ స్టడ్డుకూ, 6 మిల్లీమీటర్ల కవర్ బోల్టుకూ అదే అరంగుళం గన్ (సాకెట్ తొడిగే కొన అరంగుళం ఉన్నది) పెడితే తుప్పు వదలడానికి ముందే తల ఊడి వస్తుంది. నా దగ్గరికి వచ్చే పనిలో ఎక్కువ భాగం ఈ చిన్నవే. విరిగిన ముక్క మీద ఒక నట్టు పెట్టి వెల్డింగ్ చేసి తీస్తాను. ఆ వేడికే ముక్క వదులైపోతుంది. వెల్డింగ్‌కు అందని చోట డ్రిల్ వేయాలి, అప్పుడు సగం పూట పోతుంది.

ఇక అసలు సంగతి. మీరు స్పానర్ మీద నిలబడినా కదలలేదన్నారు కదా, లెక్క వేయండి. స్పానర్ 30 సెంటీమీటర్ల పొడవనుకుంటే 70 కిలోల మనిషి దాని కొన మీద నిలబడితే నట్టును తిప్పే బలం (టార్క్) 200 న్యూటన్ మీటర్లు దాటుతుంది. చిన్న కార్ల చక్రాల నట్లను 85 నుంచి 110 వరకు బిగిస్తే చాలు, మీ కారు పుస్తకంలో కచ్చితమైన అంకె ఉంటుంది. తీరప్రాంతం వలె మనకు ఉప్పు గాలి లేదు, రెండు వారాల్లో అంత తుప్పు పట్టదు. ఆ నట్టును ఎవరో రెండింతలు బిగించారు. కాబట్టి మీ బావమరిది మాటే నిజం.

ములుగురోడ్డు_షెడ్డు:
బిగించడం గురించి నేను వాదించను, విప్పడం గురించే మాట్లాడాను. బిగించేటప్పుడు గన్‌తో నట్టును తాకించి, మిగిలినది చేతి పానాతో బిగించాలని మా పిల్లలకు రోజూ చెబుతాను. వాహనాలు బారులు తీరినప్పుడు వాళ్లు ఆ మాట వినరన్నది కూడా ఒప్పుకుంటాను.

మడికొండ_ప్రయాణికుడు:
పెద్దవాటికి గన్, చిన్నవాటికి చేయి అని నాకు అర్థమైంది. మా ఇంట్లో రంగులు వేసే పనికి కొన్న 2 హార్స్‌పవర్ కంప్రెసర్ ఉన్నది. దానికి అరంగుళం గన్ తగిలిస్తే వెనుక షాక్ అబ్జార్బర్ కింది బోల్టు కూడా రావడం లేదు. గన్ పెట్టె మీద 800 న్యూటన్ మీటర్లని రాశారు. మోసమా?

ములుగురోడ్డు_షెడ్డు:
పెట్టె మీది అంకె గన్ దగ్గర గాలి ఒత్తిడి 90 పీఎస్ఐ నిలిచినప్పటి మాట. ట్యాంకు మీది మీటరు గన్ నొక్కకముందు 110 చూపినా, నొక్కిన తరువాత గన్ మూతి దగ్గర ఎంత మిగులుతున్నదో చూడండి. సన్నని పావు అంగుళం గొట్టం, దానికి తోడు గొట్టాలను కలిపే రెండు మూడు సన్నని కప్లర్లు ఉంటే గాలి అక్కడే గొంతు నొక్కుకుంటుంది, దెబ్బ పసలేకుండా పడుతుంది. గన్ దగ్గర ఒక చిన్న మీటరు బిగించి, ట్రిగ్గర్ నొక్కి పట్టుకొని చదవండి. అంకె ఒక్కసారిగా పడిపోతే తప్పు గన్‌ది కాదు. గొట్టం లోపలి వ్యాసం మూడు బై ఎనిమిది అంగుళాలు ఉండాలి, వీలైనంత పొట్టిగా ఉండాలి. సాకెట్‌కూ గన్‌కూ నడుమ పొడవాటి ఎక్స్‌టెన్షన్ రాడ్డు పెట్టినా సగం దెబ్బను అదే తాగేస్తుంది. మీ చిన్న కంప్రెసర్ రెండు మూడు సెకన్ల దెబ్బలకు సరిపోతుంది, తరువాత ట్యాంకు నిండే వరకు ఆగాలి. ఆగడం బోల్టుకు కూడా మంచిదే. వానాకాలంలో ట్యాంకు కింది కుళాయి విప్పి నీళ్లు వదలకపోతే ఆ నీరే గన్‌లోకి చేరి దాని రెక్కలను తినేస్తుంది. రోజూ పని మొదలుపెట్టే ముందు నాలుగు చుక్కల నూనె కూడా వేయండి.

రామగుండం_వర్క్‌షాపు:
బొగ్గు గనుల యంత్రాలు విప్పే పనిలో ఉన్నాను కాబట్టి ఒక మాట చేర్చుతాను. ఈ చర్చ గన్‌కూ గొట్టానికీ నడుమే తిరుగుతున్నది, నూనెను, వేడిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. తుప్పు వదిలించే నూనెను రాత్రి వేసి, బోల్టు తల మీద సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి, పొద్దున మళ్లీ వేసి చూడండి. గన్ అవసరమే రాని బోల్టులు ఎన్నో ఉంటాయి. షెడ్డు అన్నకు ఆ రాత్రి ఉండదు, కారు సాయంత్రానికే ఇవ్వాలి, అది వేరే సంగతి. దానికీ రాకపోతే నట్టును వేడి చేయాలి, బోల్టును కాదు. నట్టు వ్యాకోచిస్తే మరల పట్టు సడలుతుంది. అల్యూమినియం హౌసింగ్‌లో ఇనుప బోల్టు పట్టేస్తే హౌసింగ్‌కు వేడి తగిలించడం ఇంకా లాభం, ఎందుకంటే అల్యూమినియం ఇనుముకన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. అయితే పక్కన రబ్బరు బుష్, బ్రేకు గొట్టం, పెట్రోలు పైపు ఉన్నచోట మంట పెట్టకూడదు. నూనె వేసిన బోల్టుకు వెంటనే మంట చూపడం కూడా ప్రమాదమే.

మెరిసే క్రోమ్ సాకెట్‌ను గన్‌కు తొడగడం మన దగ్గర ప్రతి చౌరస్తాలో చూస్తాను. అది చేతిపనికి చేసినది, దెబ్బకు పగిలి ముక్కలు ఎగురుతాయి. నల్లటి ఇంపాక్ట్ సాకెట్, ఆరు మూలలదే వాడండి. కంటికి అద్దాలు, చెవికి అడ్డు ఉండాలి. మా మేస్త్రీలలో ఎదుటివాడు మామూలుగా మాట్లాడితే వినపడేవారు తక్కువ.

కాజీపేట_లేత్:
రామగుండం అన్న చెప్పిన ఆ రాత్రి నానబెట్టడం కోసమే నేను పోట్లాడేది. నాలుగు చుక్కల నూనె ఎక్కడ, సగం పూట డ్రిల్ ఎక్కడ?

మడికొండ_ప్రయాణికుడు:
ఆదివారం చేసి చూశాను. శనివారం రాత్రి నూనె వేశాను. మూడు బై ఎనిమిది గొట్టం కొత్తది కొన్నాను, మధ్యలోని కప్లర్లు రెండూ తీసేశాను. బోల్టును మొదట అర సెకను బిగించే దిక్కుకు, తరువాత విప్పే దిక్కుకు, ఆగి ఆగి తిప్పాను. నాలుగవసారి తల కింద నుంచి ఎర్రటి పొడి చిన్న ఉంగరంలాగా రాలింది, గన్ చప్పుడు గట్టి టకటక నుంచి సాగిన గరగరకు మారింది, బోల్టు చేతివేళ్లకు వచ్చేసింది. కాబట్టి షెడ్డు అన్నా, లేత్ అన్నా ఇద్దరూ గెలిచారని అందామనుకున్నాను, కానీ చక్రాల నట్ల విషయంలో మాత్రం నేను లేత్ అన్న వైపే ఉన్నాను. ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే టార్క్ పానా కొన్నాను. టైర్ల దుకాణంలో ఇక చివరి బిగింపు నా చేతితోనే.

ములుగురోడ్డు_షెడ్డు:
కొన్నది మంచిదే. అయితే తెగిన స్టడ్డు ఒక్కదాన్నే మార్చి ఊరుకోకండి. దాని పక్కవాటికి కూడా ఆ రెండింతల బిగింపే పడింది, అవి సాగిపోయి ఉండవచ్చు. చక్రం తీసి, శుభ్రమైన నట్టును ఒక్కొక్క స్టడ్డు మీద వేళ్లతో చివరి వరకు తిప్పి చూడండి. నడుమ ఎక్కడైనా పట్టుకుంటే ఆ స్టడ్డును కూడా మార్చి వేయండి.