మగ్గం చీరలు ఆన్‌లైన్‌లో అమ్మాలంటే జీఎస్టీ తప్పదా?

మంగళగిరి_కోడలు:
నమస్కారం అండి. మా మామగారు, మా ఆయన ఇద్దరూ గుంట మగ్గం మీద నేస్తారు. ఇన్నాళ్లూ మాస్టర్ వీవర్ ఇచ్చిన నూలు, జరీతో నేసి మజూరి తెచ్చుకునేవాళ్లం. ఇప్పుడు సొంతంగా నూలు కొని నిజాం అంచు కాటన్ చీరలు నేస్తున్నాం. అమ్మకాలు ఏడాదికి నాలుగైదు లక్షలు దాటవు. షాపింగ్ యాప్‌లలో పెట్టాలంటే జీఎస్టీ కావాలా? క్యాష్ ఆన్ డెలివరీ అయితే చీరలు వెనక్కి వస్తాయంటున్నారు, అదే టెన్షన్.

పోచంపల్లి_ఇక్కత్:
అమ్మా, 2023 అక్టోబరు 1 నుంచి చిన్న వ్యాపారులు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండానే యాప్‌లలో సరుకు అమ్మవచ్చు. పాన్ ఉంటే జీఎస్టీ పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ నంబరు ఇస్తారు. టర్నోవరు పరిమితి మీ ఆంధ్రలో 40 లక్షలు, మా తెలంగాణలో 20 లక్షలు. చిక్కల్లా ఒక్కటే, సొంత రాష్ట్రం దాటి అమ్మకూడదు. మీ చీరలు అడిగేవాళ్లు హైదరాబాద్‌లో చాలామంది ఉంటారు, అది మీకు పక్క రాష్ట్రం. యాప్‌లో అక్కడికి పంపాలంటే రిజిస్ట్రేషన్ తప్పదు. వాట్సాప్‌లో మీరే నేరుగా అమ్మితే చేనేతకు వేరే వెసులుబాటు ఉంది, మంచి ఆడిటర్‌ని అడగండి.

నన్నడిగితే ముందు యాప్ వద్దు. పోచంపల్లి పేరుతో ప్రింటు చీరలు ఎంత చవగ్గా పెడుతున్నారో రోజూ చూస్తున్నాను, కడుపు మండిపోతుంది. మంగళగిరి పేరుతో మరమగ్గం చీరలూ అంతే. వాటి పక్కన మీ చీర పెడితే ధరే కనిపిస్తుంది, నేత కనిపించదు. కొనేవాళ్లను తప్పుపట్టలేం, ఫొటోలో తేడా ఎలా తెలుస్తుంది? అందుకే మామగారు నేస్తుండగా వీడియో తీయండి. అంచు దగ్గరగా, ఎండలో ఒకటి, నీడలో ఒకటి ఫొటో పెట్టండి. రంగు తేడా ఉందన్న గొడవ చాలావరకు అక్కడే తగ్గిపోతుంది. డబ్బు ముందే యూపీఐలో తీసుకోండి. మొహమాటపడకండి, కష్టం మీది.

పార్సిల్_గుంటూరు:
ఒక్క మాట. చీర అర కిలోనే అయినా, పెట్టె పెద్దదైతే కొరియర్ వాళ్లు పెట్టె కొలతలతో లెక్కేస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి మామూలుగా 5000తో భాగిస్తారు. 40, 30, 10 ఉన్న పెట్టె 2.4 కిలోల కింద పడుతుంది. చీరను పల్చటి కవర్లో చుట్టి, పైన గట్టి కొరియర్ కవర్ వేస్తే చాలు.

మంగళగిరి_కోడలు:
చాలా థాంక్స్ అండి. ఆడిటర్‌ని రేపే కలుస్తాం. చీర నిజంగా చేనేతదేనని తెలిపే హ్యాండ్లూమ్ మార్క్ లేబుల్ మాలాంటి ఇంటి మగ్గాలకు కూడా ఇస్తారా?

పోచంపల్లి_ఇక్కత్:
ఇస్తారమ్మా. విజయవాడలో నేతవాళ్లకు సాయం చేసే కేంద్ర ప్రభుత్వ ఆఫీసు, వీవర్స్ సర్వీస్ సెంటర్ ఉంది కదా, అక్కడ అడగండి. వెళ్లేటప్పుడు నేత కార్మికుడి గుర్తింపు కార్డు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ తీసుకెళ్లండి.