ఏఈఎస్ ఇన్‌స్ట్రక్షన్లు వాడినా ఎన్‌క్రిప్షన్ వేగం రెండింతలు కూడా కాలేదు: లోపం ఎక్కడ?

తాళంచెవి:

నమస్కారం. ఫైళ్ళను బ్యాకప్ తీసేటప్పుడు వాటిని ఎన్‌క్రిప్ట్ చేసి దాచే చిన్న ప్రోగ్రామును కొన్నేళ్ళ కిందట సీ భాషలో నేనే రాసుకుని, ఇప్పటికీ దాన్నే వాడుతున్నాను. అందులో 256 బిట్ల కీతో ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిని సీబీసీ మోడ్‌లో (16 బైట్ల బ్లాకులను ఒకదానికొకటి గొలుసుగా కలిపే తీరులో) నడిపి, వచ్చిన సైఫర్‌టెక్స్ట్ (ఎన్‌క్రిప్ట్ అయిన డేటా) మీద, దాన్ని ఎవరూ మార్చలేదని తేల్చే హెచ్‌మ్యాక్-షా-256 లెక్కగట్టి, ఆ విలువను ఫైలు చివర చేరుస్తాను. ఏఈఎస్ భాగం ఇంతకాలం పాఠ్యపుస్తకాల పద్ధతిలోనే ఉండేది. అంటే ఒక్కొక్కటి 1 కిలోబైటు ఉండే నాలుగు పట్టికల్లోంచి విలువలు తెచ్చుకుని ఒక్కో రౌండును (బ్లాకులోని బిట్లను కలగలిపే ఒక్కో దశను) పూర్తి చేసేది.

ఏఈఎస్ కోసం ప్రాసెసర్‌లోనే ప్రత్యేకమైన ఇన్‌స్ట్రక్షన్లు ఉన్నాయని చదివి, గత వారం ఆ పట్టికలన్నిటినీ తీసేసి, కంపైలర్ అందించే ఇంట్రిన్సిక్ ఫంక్షన్లతో (ఒక్కో ఇన్‌స్ట్రక్షన్‌ను నేరుగా పిలిచేవాటితో) ఆ భాగాన్ని మళ్ళీ రాశాను. ప్రతి బ్లాకుకూ మొదట కీతో ఒక ఎక్స్‌ఆర్, ఆపైన రౌండుకు ఒకటి చొప్పున పదమూడు ఏఈఎస్‌ఎన్‌క్ ఇన్‌స్ట్రక్షన్లు, చివరి రౌండుకు ఒక ఏఈఎస్‌ఎన్‌క్‌లాస్ట్ మాత్రమే మిగిలాయి. ప్రామాణిక పరీక్షా విలువలతో పోల్చి చూస్తే ఫలితాలు బిట్టు కూడా తేడా లేకుండా సరిపోయాయి కనుక కోడ్ తప్పు కాదని నమ్ముతున్నాను.

పదింతల వేగం వస్తుందని ఆశించిన నాకు మొత్తం ప్రోగ్రాము వేగం రెండింతలు కూడా కాకపోవడం నిరాశ కలిగించింది. డేటాను ముందే మెమరీలోకి తెచ్చుకుని పరీక్షించాను కాబట్టి డిస్కును తప్పుపట్టడానికి లేదు. ప్రాసెసర్ ఇంటెల్ వారి స్కైలేక్ తరానికి చెందినది. ఇంకొక విచిత్రం కూడా గమనించాను: అదే యంత్రం మీద, అదే ఫైలుకు, ఎన్‌క్రిప్షన్ కంటే డీక్రిప్షన్ స్పష్టంగా వేగంగా ముగుస్తోంది. రెండింటిలోనూ రౌండ్ల సంఖ్య ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎందుకు రావాలి? కంపైలర్‌కు నేను ఇవ్వవలసిన సూచన ఏదైనా మరిచిపోయానా?

పైప్‌లైన్:

మీరు విచిత్రం అన్న ఆ రెండవ సంగతిలోనే మొదటి ప్రశ్నకు సమాధానం చాలావరకు ఉంది. కంపైలర్ తప్పేమీ లేదు.

స్కైలేక్‌లో ఒక ఏఈఎస్‌ఎన్‌క్ ఫలితం చేతికి రావడానికి 4 సైకిళ్ళు (ప్రాసెసర్ గడియారపు టిక్కులు) పడుతుంది. అయితే ప్రాసెసర్‌లో ఏఈఎస్ పని చేసే యూనిట్ ప్రతి సైకిల్‌కూ ఒక కొత్త ఇన్‌స్ట్రక్షన్‌ను స్వీకరించగలదు. అంటే ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు బ్లాకులను దాని ముందు పెడితే, ఒక బ్లాకు పట్టే సమయంలోనే నాలుగూ దాదాపు పూర్తవుతాయి. సీబీసీ ఎన్‌క్రిప్షన్‌లో ఆ అవకాశమే లేదు. ఒక బ్లాకు నుంచి వచ్చిన సైఫర్‌టెక్స్ట్‌ను తరువాతి బ్లాకు ప్లెయిన్‌టెక్స్ట్‌తో (అసలు డేటాతో) ఎక్స్‌ఆర్ చేసిన తరువాతే ఆ బ్లాకు మొదలు కావాలి కనుక, 14 రౌండ్లను ఒక్కొక్కటి 4 సైకిళ్ళ చొప్పున వరుసగా ఆగి ఆగి పూర్తి చేయవలసిందే. 56 సైకిళ్ళను 16 బైట్లకు పంచితే బైటుకు 3.5 సైకిళ్ళు. స్వతంత్రమైన బ్లాకులతో యూనిట్ నిండుగా పనిచేస్తే అదే పని బ్లాకుకు 14 సైకిళ్ళలో, అంటే బైటుకు 0.9 సైకిల్ కంటే తక్కువలో ముగుస్తుంది. మీ యూనిట్ నాలుగింట మూడు వంతుల కాలం ఖాళీగా కూర్చుంటోందన్నమాట.

డీక్రిప్షన్‌లో పరిస్థితి వేరు. సైఫర్‌టెక్స్ట్ బ్లాకులన్నీ ముందే చేతిలో ఉంటాయి. ఒక బ్లాకును విప్పడానికి దాని ముందు బ్లాకును విప్పిన ఫలితం అవసరం లేదు. మీరు కోడ్‌ను ఒక్కో బ్లాకుగానే రాసినా, ఇన్‌స్ట్రక్షన్లను వరుస తప్పించి నడిపే ప్రాసెసర్ తరువాతి బ్లాకు రౌండ్లను తానే ముందుకు లాగి మొదలుపెడుతుంది. మీరు చూసిన తేడా అదే.

ఈ ఆలస్యం తరాన్ని బట్టి మారుతుందని కూడా గుర్తుంచుకోండి. ఈ ఇన్‌స్ట్రక్షన్లను ఇంటెల్ 2008లో ప్రకటించి 2010లో వెస్ట్‌మియర్ తరంలో తెచ్చినప్పుడు అది 6 సైకిళ్ళు; శాండీ బ్రిడ్జ్‌లో 8, హాస్వెల్‌లో 7, స్కైలేక్‌లో 4, ఐస్ లేక్‌లో 3. లైబ్రరీలు ఆరేసి, ఎనిమిదేసి బ్లాకులను కలిపి నడపడం వెనుక ఉన్న కారణం ఇదే.

ఇక రెండవ అనుమానితుడు మీ హెచ్‌మ్యాక్. ఏఈఎస్ ఇన్‌స్ట్రక్షన్లు దాని లోపల నడిచే షా-256 హ్యాష్‌కు ఏ విధంగానూ తోడ్పడవు. షా కోసం వేరే ఇన్‌స్ట్రక్షన్ల సమూహం ఉన్నా, అది మీ స్కైలేక్‌లో లేదు; ఏఎండీ వారి జెన్‌లో 2017 నుంచీ, ఇంటెల్ ఐస్ లేక్‌లో 2019 నుంచీ ఉంది. ఒకేసారి అనేక విలువల మీద పనిచేసే ఏవీఎక్స్2 ఇన్‌స్ట్రక్షన్లతో ఎంత జాగ్రత్తగా రాసినా స్కైలేక్ మీద షా-256కు బైటుకు ఏడెనిమిది సైకిళ్ళు పడుతుంది. మీ పాత పట్టికల ఏఈఎస్‌కు బైటుకు సుమారు 14 అనుకుందాం. అప్పుడు మొత్తం 22 దగ్గర ఉండేది ఇప్పుడు పదకొండున్నరకు దిగుతుంది. ఏఈఎస్‌కు పట్టే సమయం పూర్తిగా సున్నా అయినా మీరు మూడింతలు దాటలేరు.

గడియారం:

పై లెక్కతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేస్తాను. మీ పరీక్ష వర్చువల్ మెషీన్ లోపల జరిగిందా? అలాంటి యంత్రాలను నడిపే క్యూఈఎంయూ వంటి ప్రోగ్రాముల్లో సీపీయూ మోడల్‌ను ప్రత్యేకంగా ఎంచుకోకపోతే, అసలు ప్రాసెసర్‌లో ఏఈఎస్ ఉన్నా లోపలి యంత్రానికి అది కనిపించకుండా పోయే సందర్భాలు ఉన్నాయి. మీరు ఇంట్రిన్సిక్‌లను నేరుగా పిలుస్తున్నారు కనుక ఈసారి మోసపోలేదు. లైబ్రరీకి మారినప్పుడు మాత్రం అది ప్రాసెసర్ సామర్థ్యాలను చెప్పే సీపీయూఐడీని అడిగి, లేదనే జవాబు వస్తే ఒక్క మాటైనా చెప్పకుండా పాత పద్ధతికి తప్పుకుంటుంది. లినక్స్‌లో ప్రాసెసర్ వివరాల ఫైలులోని ఫ్లాగుల వరుసలో ఏఈఎస్ అన్న పదం ఉందో లేదో చూడటం అర నిమిషం పని.

ప్రాసెసర్‌లోని టైమ్‌స్టాంప్ కౌంటర్‌తో కొలిచేవారు ఇంకొకటి గమనించాలి. అది స్థిరమైన వేగంతో నడుస్తుంది. ప్రాసెసర్ మాత్రం టర్బోలో (తాత్కాలికంగా వేగం పెంచుకున్నప్పుడు) అంతకంటే వేగంగా నడవవచ్చు. బైటుకు ఇన్ని సైకిళ్ళని పోల్చి చూసేముందు టర్బోను ఆపివేయండి.

తాళంచెవి:

ఇద్దరికీ ధన్యవాదాలు. పరీక్ష నేరుగా యంత్రం మీదే చేశాను. టర్బోను ఆపి, హెచ్‌మ్యాక్‌ను తాత్కాలికంగా తొలగించి, ఎన్‌క్రిప్షన్‌ను మాత్రమే కొలిస్తే బైటుకు మూడున్నరకు కాస్త పైన వచ్చింది. ఆ పైనున్న కాస్త సీబీసీలో ఉండే ఎక్స్‌ఆర్ వల్ల వచ్చిందే అయి ఉంటుంది. కాగితం మీది లెక్క యంత్రంతో ఇంత దగ్గరగా కలుస్తుందని నేను అనుకోలేదు. ఎన్నాళ్ళుగానో నిందలు మోసిన ఏఈఎస్ కంటే, నేను ఎన్నడూ అనుమానించని షా-256 రెండింతలు ఎక్కువ సమయం తింటోందని తేలింది.

అందువల్ల సీబీసీనీ హెచ్‌మ్యాక్‌నూ రెంటినీ వదిలి, ఎన్‌క్రిప్షన్‌నూ ప్రామాణీకరణనూ (డేటాను ఎవరూ మార్చలేదని తేల్చడాన్ని) కలిపి చేసే జీసీఎం మోడ్‌కు మారాలనుకుంటున్నాను. అందులో బ్లాకులన్నీ కౌంటర్ పద్ధతిలో స్వతంత్రంగా నడుస్తాయి. ప్రామాణీకరణకు కావలసిన గుణకారానికి పీసీఎల్‌ముల్‌క్యూడీక్యూ అనే ఇన్‌స్ట్రక్షన్ ఉంది. దీన్ని కూడా ఇంట్రిన్సిక్‌లతో నేనే రాయడం మొదలుపెట్టాను. ఎనిమిదేసి బ్లాకులను కలిపి నడిపే భాగం పూర్తయింది.

పాతకాపు:

నేర్చుకోవడానికి రాస్తున్నట్లయితే తప్పక పూర్తి చేయండి. మీ బ్యాకప్‌లు దాని మీద ఆధారపడతాయంటే మాత్రం అక్కడితో ఆపి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వంటి లైబ్రరీకి అప్పగించండి. అందులోని ఈవీపీ అనే పై స్థాయి ఫంక్షన్ల ద్వారా వెళ్ళాలి సుమా. పాత సంచికల్లోని కింది స్థాయి ఏఈఎస్ ఫంక్షన్లను నేరుగా పిలిచినవారు హార్డ్‌వేర్ సాయం అందక, లైబ్రరీయే నెమ్మది అని పొరబడేవారు. ఆ లైబ్రరీలోని జీసీఎం కోడ్‌లో కౌంటర్ రౌండ్లనూ గుణకారాలనూ ఒకదానిలో ఒకటి అల్లి, రెండు యూనిట్లూ ఖాళీ లేకుండా ఉండేలా చేతితో కూర్చారు. ఇంట్రిన్సిక్‌లతో మనం దాన్ని అందుకోవడం కష్టం.

వేగాన్ని గురించే మాట్లాడుకుంటున్నాము కానీ, మీరు పట్టికలను తీసేసిన రోజున అంతకంటే విలువైన లాభం ఒకటి మీకు తెలియకుండానే పొందారు. పట్టికలో ఏ గడిని చదవాలన్నది కీ మీద ఆధారపడి ఉంటుంది. ఆ గడి క్యాష్‌లో (ప్రాసెసర్‌లోని వేగవంతమైన చిన్న మెమరీలో) ఉందా లేదా అన్నదాన్ని బట్టి సమయం మారుతుంది. ఆ సమయాన్ని కొలిచేవాడు కీని తిరిగి రాబట్టగలడు. 2005లో బెర్న్‌స్టైన్ అనే క్రిప్టోగ్రఫీ పరిశోధకుడు దీన్ని పట్టికల ఏఈఎస్ మీద చూపించారు. అదే కాలంలో ఓస్విక్, షమీర్, ట్రోమర్ అనే ముగ్గురు పరిశోధకులు, లినక్స్‌లో ఎన్‌క్రిప్ట్ అయిన డిస్క్ విభాగపు పూర్తి కీని, అదే యంత్రంలో నడిచే మామూలు ప్రోగ్రాముతో, 65 మిల్లీసెకన్ల కొలతలతో బయటపెట్టారు. ఏఈఎస్‌ఎన్‌క్ ఏ పట్టికనూ మెమరీ నుంచి చదవదు. కీ ఏదైనా, డేటా ఏదైనా దానికి పట్టే సమయం ఒకటే. వేగం నాలుగోవంతే పెరిగి ఉన్నా, ఈ ఒక్క కారణానికే మీ మార్పు సమర్థనీయమని నా అభిప్రాయం.

జీసీఎంకు వెళ్ళేటప్పుడు జాగ్రత్త పడవలసినవి వేగానికి సంబంధించినవి కావు. ఒకే కీతో ఒకే నాన్స్‌ను (సందేశానికి ఒక్కసారే వాడవలసిన సంఖ్యను) రెండుసార్లు వాడితే సీబీసీలో జరిగే నష్టం పరిమితం. జీసీఎంలో మాత్రం రెండు సందేశాల ఎక్స్‌ఆర్ బయటపడటమే కాక, ప్రామాణీకరణకు వాడే రహస్య విలువ కూడా దొరికి, నకిలీ ఫైళ్ళను సృష్టించడం సాధ్యమవుతుంది. నాన్స్ 96 బిట్లే కనుక, యాదృచ్ఛికంగా ఎంచుకునేట్లయితే ఒక కీతో 2 ఘాతం 32 సందేశాలకు మించకూడదని అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ ప్రమాణం నిర్దేశిస్తుంది. ఒక సందేశం పరిమాణం కూడా 64 గిబిబైట్ల లోపే ఉండాలి. బ్యాకప్ ఫైళ్ళు అంతకు మించవచ్చు. పైగా, ట్యాగ్ (జీసీఎం ఇచ్చే ప్రామాణీకరణ విలువ) సరిపోయిందని తేలేవరకు విప్పిన డేటాలో ఒక్క బైటునైనా బయటికి వదలకూడదు కాబట్టి, ఫైలు మొత్తాన్ని ఒకే సందేశంగా చేస్తే తిరిగి విప్పేటప్పుడు చిక్కులో పడతారు. ఒక్కో మెగాబైటు చొప్పున ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ దాని వరుస సంఖ్యనూ, అది చివరిదా కాదా అన్న గుర్తునూ అనుబంధ డేటాగా (ఎన్‌క్రిప్ట్ కాకపోయినా ట్యాగ్ లెక్కలో కలిసేదిగా) చేర్చండి. లేకపోతే ముక్కలను తారుమారు చేసినా, చివరివి కత్తిరించినా ఎవరూ కనిపెట్టలేరు.

తాళంచెవి:

మీ సలహా ప్రకారం నా కోడ్‌ను పక్కన పెట్టేశాను. పూర్తి కాకుండానే వదలడం కొంచెం బాధగానే ఉంది. చివరి సందేహం. ఇదే ప్రోగ్రామును ఒక చిన్న ఆర్మ్ బోర్డు మీద కూడా నడుపుతాను. అక్కడ కూడా ఇదే వేగాన్ని ఆశించవచ్చా?

పైప్‌లైన్:

బోర్డును బట్టి ఉంటుంది. ఆర్మ్‌వీ8లో క్రిప్టో ఇన్‌స్ట్రక్షన్లు తప్పనిసరి కావు, తయారీదారు ఇష్టం. ఉదాహరణకు రాస్ప్‌బెర్రీ పై 4లో అవి లేవు, 5లో ఉన్నాయి. ఉన్నచోట కూడా రౌండు విభజన వేరుగా ఉంటుంది: ఆర్మ్ వారి ఏఈఎస్‌ఈ మొదట కీని కలిపి ఆ తరువాత బైట్లను మార్చి వరుసలను జరుపుతుంది, నిలువు వరుసలను కలిపే పని ఏఈఎస్‌ఎంసీ అనే వేరే ఇన్‌స్ట్రక్షన్ చేస్తుంది. ఇంటెల్ కోడ్‌లో పేర్లు మాత్రం మార్చి ఇక్కడికి తెచ్చుకుందామనుకున్నవారికి ఫలితం తప్పు వస్తుంది. లైబ్రరీకి మారారు కనుక ఆ బెడద మీకు లేదు.

ఇన్‌స్ట్రక్షన్లు లేని బోర్డులో చాచా20-పాలీ1305 (ఎన్‌క్రిప్షన్‌కు మొదటిది, ప్రామాణీకరణకు రెండవది) వాడండి. చాచా20 అంతా కూడికలు, బిట్లను తిప్పడం, ఎక్స్‌ఆర్. పాలీ1305 మామూలు గుణకారాలతో గడిచిపోతుంది. రెంటిలోనూ పట్టికలు లేవు కనుక పాతకాపు గారు చెప్పిన క్యాష్ సమస్య కూడా తలెత్తదు. ఫైలు మొదట్లో ఏ సైఫర్ వాడారో సూచించే ఒక బైటును ఉంచి, ఆ బైటును కూడా అనుబంధ డేటాలో చేర్చండి. ఏఈఎస్ కలిగిన యంత్రం మీద మాత్రం జీసీఎం తేలికగా దీన్ని దాటిపోతుంది, అక్కడ మార్చవద్దు.

తాళంచెవి:

ముక్కల పద్ధతిలో జీసీఎంకు మార్చడం నిన్నటితో పూర్తయింది. పెద్ద యంత్రం మీద ఇప్పుడు ఎన్‌క్రిప్షన్ కంటే డిస్కు నుంచి చదవడానికే ఎక్కువ సమయం పడుతోంది. సీబీసీతో చేసిన పాత బ్యాకప్‌లను విప్పే కోడ్‌ను మాత్రం అలాగే ఉంచాను. అందులో నేను రాసిన ఏఈఎస్‌డెక్ (డీక్రిప్షన్ ఇన్‌స్ట్రక్షన్) వరుసలు ఇంకా పనిచేస్తున్నాయి.