పేడ పడిన చోట ఒకే మొక్క, ఇసుకలో ఇన్ని రకాలు ఎందుకు?

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక పల్లె. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు మా జీడితోట సగం కూలిపోయింది. మోళ్లు పెకలించి మళ్లీ మొక్కలు నాటాం. అప్పట్నుంచి ఒక విషయం నా బుర్ర తొలిచేస్తోంది.

పశువులను కట్టే మూలలో పేడ బాగా పడుతుంది. అక్కడ వయ్యారిభామ నడుమెత్తు లేచి, కింద దేన్నీ బతకనివ్వదు. పది అడుగుల అవతల ఉత్త ఇసుక. అక్కడ పొట్టిగడ్డి, పల్లేరు, తుంగ, ఇంకా పేరు తెలియని నాలుగైదు కలిసే ఉంటాయి.

సారమున్న నేలలోనే మొక్కల మధ్య పోటీ తీవ్రమని మొక్కల పర్యావరణ శాస్త్రవేత్త గ్రైమ్ అంటాడు. సారం లేనిచోటా పోటీ తగ్గదని, వెలుతురు కోసం కాక నత్రజని కోసం వేళ్ల దగ్గర సాగుతుందని మరో శాస్త్రవేత్త టిల్మన్ వాదన. మరి మా ఇసుకలో జరిగేది ఏది? లేక ఆవులు మేసి, తొక్కడం వల్లే ఏదీ పైచేయి సాధించలేకపోతోందా?

మీటరు మడులు కట్టి, కొన్నింట్లో ఇరుగుపొరుగు మొక్కలు తీసేసి చూద్దామనుకుంటున్నా. పీకితే నేల కదులుతుంది, కోస్తే వేళ్లు కుళ్లి నత్రజని వదులుతాయి. ఏది మేలు? చేసి చూసినవాళ్లు చెప్పండి. కలుపు తీయడానికి ఇంత చదువా అని మా నాన్న నవ్వుతున్నారు.