నెల నిండని పాపను చూడటానికి వచ్చేవాళ్ళను వద్దనడం తప్పా?

కొత్తమ్మ, రాజమండ్రి:
మా పాపకు 18 రోజులు. 21వ రోజు బారసాల, రెండొందల మందిని పిలుద్దామని అత్తగారి ఆలోచన. నిన్న ఒక బంధువు తుమ్ముతూనే వచ్చి, పాపను ఎత్తుకుని బుగ్గలు ముద్దాడింది. తేనెలో వేలు ముంచి నాకించబోతే చెయ్యి పట్టుకుని ఆపేశాను. అప్పటినుంచి ఇంట్లో ఎవరూ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. నెలన్నర టీకాలు పడేదాకా జనం వద్దంటున్నాను. నాది అతి జాగ్రత్తేనా?

పెద్దమ్మ, వరంగల్:
బిడ్డా, మా ముగ్గురికీ తేనె నాకించినం, ఊరంతా ఎత్తుకున్నది. మట్టిలో తిరిగిన పిల్లలే గట్టిగా ఉంటారు. బాలింతకు నలుగురు లేకపోతే దిగులు పట్టుకుంటది, అది కూడా జబ్బే.

నర్సు, నవజాత శిశువుల వార్డు:
పెద్దమ్మగారూ, దిగులు గురించి మీరన్నది నిజం. మట్టి మాట మాత్రం కాస్త పెద్ద పిల్లలకు సరిపోతుంది, 18 రోజుల పాపకు కాదు. పుట్టేనాటికి బిడ్డకున్న రక్షణలో పెద్ద భాగం మాయ ద్వారా తల్లి ఇచ్చిన యాంటీబాడీలే. అవి ఎక్కువగా చివరి మూడు నెలల్లో చేరతాయి. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళకు అవీ తక్కువే. ముర్రుపాలలోని ఐజీఏ అనే యాంటీబాడీ పేగులకు కాపలా కాస్తుంది కాబట్టే ఆ పాలను పిండి పారబోయొద్దని పోరుతాం. బిడ్డ సొంత తెల్లకణాల నిల్వ చిన్నది, త్వరగా అయిపోతుంది. అందుకే సూక్ష్మజీవి ఒకచోట ఆగకుండా రక్తంలోకి పాకుతుంది. పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి వేస్తాం, కానీ కోరింత దగ్గుకు మొదటి టీకా ఆరు వారాలకే.

ఒక పాపను మర్చిపోలేను. 'జ్వరం లేదు కదా' అని రెండు రోజులు చూసి తెచ్చారు. ఒళ్ళు చల్లగా ఉంది, రొమ్ము నోట్లో పెట్టినా చప్పరించలేదు. పసికందుకు ఇన్ఫెక్షన్ వస్తే ఒక్కోసారి జ్వరమే రాదు, ఒళ్ళు చల్లబడుతుంది. జ్వరం 100.4 ఫారెన్‌హీట్‌కు చేరినా సిరప్ పోసి చూడకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఇక తేనెలో బొటులిజం, అంటే కండరాలను చచ్చుబరిచే జబ్బు, తెచ్చే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. ఏడాది నిండేదాకా చుక్క కూడా వద్దు.

ఒక నాన్న, హైదరాబాద్:
మా బాబు 32 వారాలకే పుట్టాడు. ఇంటికొచ్చాక నేను గుమ్మం దగ్గరే అందరినీ ఆపేశాను. బాబు బాగానే ఉన్నాడు, నా భార్య రాత్రుళ్ళు ఒక్కతే ఏడ్చేది. నాకు అది ఆలస్యంగా తెలిసింది. గుంపు వేరు, మనిషి వేరు. మీ అమ్మనో పిన్నినో దగ్గర పెట్టుకోండి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి, జలుబుంటే రాకూడదు. అంతకు మించి కట్టడి వద్దు.

పెద్దమ్మ, వరంగల్:
నర్సమ్మ చెప్పినంక తేనె మాట వెనక్కి తీసుకుంటున్న. మా అమ్మ పదకొండు రోజులు ఎవరినీ పురిటి గది గడప దాటనిచ్చేది కాదు. మైల అనేది. ఆ పేరు నాకు అప్పుడూ నచ్చలే, ఇప్పుడూ నచ్చదు. కానీ పిల్ల దగ్గరికి జనం పోకుంటుండె. తొట్టెల మాత్రం ఆపకు బిడ్డా. ఇంటోళ్ళే పాపను తొట్టెలో వేయండి, భోజనాలు మూడో నెల పెట్టుకోండి.

కొత్తమ్మ, రాజమండ్రి:
అత్తగారికి ఇవన్నీ చదివి వినిపించాను. తేనె సీసా వంటింటి పై అరలోకి వెళ్ళింది. పిలుపుల లిస్టు నలభైకి దిగింది. నలభై కూడా నాకు ఎక్కువే, రాత్రికి మళ్ళీ అడుగుతాను.