అమెరికా స్వాతంత్ర్య యుద్ధాన్ని గెలిపించింది ఫ్రెంచివారేనా?

ప్రశ్న (విజయనగరం నుంచి):
గ్రూప్స్ పరీక్షకు చదువుతున్నాను. 1777 అక్టోబరులో సరటోగా వద్ద బ్రిటిష్ సైన్యం లొంగిపోయాక, 1778 ఫిబ్రవరి 6న ఫ్రాన్సు అమెరికన్లతో ఒప్పందం చేసుకుందని నా పుస్తకం ఒక్క వాక్యంతో సరిపెట్టింది. ఆ పొత్తు లేకపోతే బ్రిటన్‌పై తిరగబడిన అమెరికా వలస రాజ్యాలు ఓడిపోయేవా?

జవాబు (విశ్రాంత చరిత్రోపాధ్యాయుడు, బొబ్బిలి):
ఓడిపోయేవని తేల్చి చెప్పలేను గాని, యుద్ధాన్ని మలుపు తిప్పిన యార్క్‌టౌన్ (వర్జీనియా) విజయం మాత్రం దక్కేది కాదు. 1781 సెప్టెంబరు 5న ఫ్రెంచి నౌకాధిపతి ద గ్రాస్ నౌకాదళం చెసాపీక్ అఖాతం వద్ద బ్రిటిష్ నౌకలను అడ్డుకోవడంతో యార్క్‌టౌన్‌లో ఉన్న బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్‌కు సముద్రపు దారి మూసుకుపోయింది. నేల మీద అమెరికన్ సేనాని వాషింగ్టన్, ఫ్రెంచి సేనాని రొషాంబోల సేనలు చుట్టుముట్టగా అక్టోబరు 19న కార్న్‌వాలిస్ సైన్యం లొంగిపోయింది. (తరువాత బెంగాలులో శాశ్వత శిస్తు పెట్టిన కార్న్‌వాలిస్ ఈయనే.)

జవాబు (శ్రీకాకుళం నుంచి):
మాస్టారూ, కొత్త యుద్ధరంగాల సంగతి కూడా చెప్పాలి. 1779లో స్పెయిన్ కూడా యుద్ధంలోకి దిగి, బ్రిటిష్‌వారి చేతిలోని జిబ్రాల్టర్‌ను ముట్టడించింది. ఇక్కడ మన దేశంలో ఆంగ్లేయులు ఫ్రెంచివారి పుదుచ్చేరిని, ఆపై మలబారు తీరంలోని మాహేను పట్టుకోగా, మాహే రేవు మీద ఆధారపడిన మైసూరు పాలకుడు హైదర్ అలీ 1780లో కర్ణాటకంపై (ఆర్కాటు నవాబు సీమ; నేటి కర్ణాటక రాష్ట్రం కాదు) విరుచుకుపడ్డాడు. ఆ యుద్ధానికి మద్రాసు వెళ్లే ఓడ ఎక్కమన్నందుకే 1780 అక్టోబరు 3న విశాఖపట్నంలో సిపాయిలు ఎదురుతిరిగి తమ అధికారులపైనే తుపాకులు పేల్చారు. అమెరికా యుద్ధపు సెగ మన తీరానికీ తగిలిందన్నమాట.

ప్రశ్న అడిగినవారు:
మరి ఫ్రాన్సుకు ఏమి మిగిలిందండీ?

బొబ్బిలి మాస్టారు:
కరీబియన్ దీవి టొబాగో, ఆఫ్రికాలోని సెనెగల్, వాటితోపాటు కొండంత అప్పు.